రెండుతో మొదలైన జాబితా

మా మామయ్య పుస్తకాలకు బైండింగ్ చేస్తారు. నలభై ఏళ్లుగా అదే గది, అదే బల్ల, అదే అనుమానం. కాగితాల కట్ట వస్తే షీట్లు లెక్కపెట్టనిదే సంతకం చేయరు. ఏ పుస్తకం చేతికొచ్చినా ఒకటో పేజీ నుంచి వేలితో తిప్పి చూడనిదే సూది ముట్టనివ్వరు. కూతుర్నిచ్చే ముందు నా సర్టిఫికెట్లను వెలుతురుకు ఎత్తిపట్టి చూసిన ఘనుడాయన.

కుట్టు పని అత్తయ్యది. ఏడాదిగా ఆమె కళ్లలో శుక్లాలు. కుట్లు వంకర పోయినప్పుడల్లా మామయ్య దారం అమ్మేవాడి మీద విరుచుకుపడేవారు.

“నాసిరకం దారం అంటగట్టాడు వెధవ! నీ చేతిలో ఏ లోపమూ లేదు.”

ఆ దుకాణదారుణ్ణి తలచుకుంటే నాకు జాలేసేది.

కంటి ఆపరేషన్‌కు అత్తయ్య పేరు ఆసుపత్రిలో రాయించాం. వంతు వచ్చినవాళ్ల జాబితాను ప్రతి సోమవారం వాళ్ల వెబ్‌సైట్‌లో పెడతారు. ఆ సాయంత్రం ఐదులోగా పేరు పక్కనున్న ‘వస్తాను’ బటన్ నొక్కాలి. నొక్కకపోతే మళ్లీ ఆరు నెలలు ఆగాల్సిందే. ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి కనుక ఆ పని నా నెత్తిన పడింది. ఒక సోమవారం బైండింగ్ గదిలోనే ల్యాప్‌టాప్ తెరిచి, పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చూశాను.

“లేదు మామయ్యా, ఈ వారం రాలేదు.”

ఆయన ముందు నా మొహం చూశారు, తర్వాత స్క్రీన్ చూశారు.

“మళ్లీ తిప్పు. ఆ పక్కనున్న కడ్డీ ఇందాక జానెడుంది, ఇప్పుడు బెత్తెడైంది. ఎవరు కోస్తున్నారు దాన్ని?”

“స్క్రోల్ బార్ అది. కిందికి వెళ్లేకొద్దీ మిగతా పేర్లు వచ్చి చేరతాయి. పేజీ పెరిగితే అది తగ్గుతుంది.”

“అంటే మనం చూస్తుండగానే చేరుస్తున్నారన్నమాట! మరి పైన ఆ నీలం పట్టీ సంగతేంటి?”

“బటన్ల పట్టీ. వెనక్కి వెళ్లడానికి, మొదటి పేజీకి వెళ్లడానికి. ఎప్పుడూ అక్కడే ఉంటుంది.”

“అన్నీ కదులుతున్నాయి, అదొక్కటే కదలదు. దాని కింద ఏముంది?”

“ఏమీ ఉండదు మామయ్యా.”

“అసలు నువ్వు చూశావా, చూశానంటున్నావా?”

నాకు ఒళ్లు మండింది. సెలవు పెట్టుకుని వచ్చి పడాల్సిన మాటా ఇది? “పాపం, అల్లుణ్ణి అంటారేంటండీ!” అని అత్తయ్య మూలనుంచి సర్దిచెప్పబోయింది. ఆయన వింటేగా! నన్ను కుర్చీలోంచి లేపి తానే కూర్చున్నారు. మౌస్ చక్రాన్ని తిప్పుతూ తిప్పుతూ జాబితా మొదటికంటా వెళ్లి, పై వరుస మీద వేలు పెట్టారు.

“రెండు.”

“ఏం రెండు?”

“ఇది రెండుతో మొదలైంది. ఒకటేదీ? ఒకటో పేజీ లేని పుస్తకాన్ని నేనైతే తిప్పి పంపేస్తాను.”

నేను పేర్లు చూశానే గానీ అంకెలు చూడలేదు. పట్టీ చివర చిన్న బాణం గుర్తు కనిపిస్తే నొక్కాను. పట్టీ పైకి ముడుచుకుపోయి, దాని చాటున నక్కిన వరుస బయటపడింది. ఒకటో నంబరు, అత్తయ్య పేరు. ఐదింటికి ఇంకా పదిహేడు నిమిషాలున్నాయి. వెంటనే ‘వస్తాను’ నొక్కాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

“దాచింది నువ్వు కాదులే,” అన్నారు మామయ్య. అంతకంటే పెద్ద క్షమాపణ ఆయనకు చేతకాదు.

ఆపరేషనైన నెలకు అత్తయ్య మళ్లీ బల్ల దగ్గరకు వచ్చింది. ఏడాదిగా తాను కుట్టిన పుస్తకాల్లో ఒకదాన్ని కిటికీ దగ్గర తెరిచి చూసింది. కుట్లన్నీ తిన్నగా ఉన్నాయి. వాటి పక్కనే వంకరటింకరగా ఖాళీ సూది రంధ్రాలున్నాయి. దారపు ఉండ అందుకుని గట్టిగా లాగి చూసింది.

“దారం బాగానే ఉందే! ఇవి నా కుట్లు కావు. ఎవరండీ విప్పి మళ్లీ కుట్టింది?”

నెపం వేయడానికి మామయ్యకు ఎవరూ దొరకలేదు. తల వంచుకుని ముందున్న షీట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు, రెండు నుంచి.