కళ్ళు లేని కుందేళ్ళు

మా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ జంతువుకీ కళ్ళుండేవి కావు... కుందేళ్ళు, జింకలు, ఏనుగులు, ముడుచుకుని పడుకున్న పిల్లులు... అన్నీ రంగులేసుకుని, మీసాలు దిద్దుకుని, కళ్ళ దగ్గర మాత్రం బోసిగా అరల మీద కూర్చునేవి. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి ఉలిక్కిపడేవాళ్ళు. మాకు అలవాటే.

అమ్మీ బొమ్మలు చేసేది. మెట్టుగూడలో రైలు పట్టాల వెనక సందులో మా ఇల్లు. ముందు గదే ఆమె స్టూడియో... ఆ పేరు అబ్బా పెట్టిందే, సగం ఎగతాళికి. ముందు బంకమట్టితో ఒక్క కుందేలు చేసేది. దాని మీద ప్లాస్టర్ పోసి రెండు ముక్కల అచ్చు తీసేది. అచ్చు లోపల సబ్బునీళ్ళు పూసి మళ్ళీ ప్లాస్టర్ పోస్తే, ఇక ఎన్ని కావాలంటే అన్ని కుందేళ్ళు. అతుకుల దగ్గర బ్లేడుతో గీకి, గరుకు కాగితంతో రుద్ది, రంగులేసేది. ఇల్లంతా తెల్లటి పొడి... అన్నంలో కూడా. మా టీచరు నా జుట్టు చూసి "మీ ఇంటికి సున్నాలు వేస్తున్నారా" అని అడిగేది.

ఇంతకీ కళ్ళ సంగతి... తాత పోయాక దాదీ జనగామ వైపు ఊరి నుంచి మా దగ్గరికి వచ్చేసింది. నమాజు తప్పని మనిషి. కళ్ళుండి ప్రాణమున్నట్టు కనబడే బొమ్మల మధ్య నమాజు చదవడానికి ఆమెకు మనసొప్పేది కాదు. ఉన్నవి ముందు గది, వెనక గది, వంటిల్లు... ఎక్కడికని పోతుంది? అబ్బా ఎటూ తేల్చలేదు. అటు తల్లి, ఇటు పెళ్ళాం మరి. ఇక అమ్మీ పని మానేస్తుందనే అనుకున్నాం.

మానలేదు. అత్తాకోడళ్ళిద్దరే కూర్చుని ఒక ఒప్పందానికొచ్చారు. కళ్ళు లేనంతవరకు బొమ్మ ఇంట్లో ఉండొచ్చు. ఇల్లు వదిలే రోజున బయట వరండాలో పీట వేసుకుని కళ్ళు దిద్దాలి. దిద్దాక మళ్ళీ లోపలికి తేకూడదు. ఇందులో ఎంత సబబో నాకు తెలీదు గానీ మా ఇంటి చట్టం అదే. ఆ మాట మీదే అమ్మీ పని నిలబడింది.

ఆ ఏడాది దసరాకి సుభద్ర గారు పెద్ద ఆర్డరిచ్చారు. వాళ్ళు కోస్తా నుంచి వచ్చి యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్నవాళ్ళు. బొమ్మల కొలువు కింద ఆవాలు మొలకెత్తించి అడవి పెడతామని, అడవిలో జంతువులన్నీ అమ్మీనే చేయాలని అన్నారు. అంత పెద్ద పని అమ్మీకి అంతకుముందు రాలేదు. పేరంటానికి వచ్చినవాళ్ళు చూస్తే తన పని నలుగురికీ తెలుస్తుందని ఆమె ఆశ.

బొమ్మలు తీసుకెళ్ళే రోజు పొద్దున్నే వాన పట్టుకుంది. ఏటవాలు జల్లు... వరండాలో పీట వేసే చోటే లేదు. మధ్యాహ్నం దాటాక సుభద్ర గారు ఆటోలో రానే వచ్చారు, తడిసిన కుచ్చిళ్ళు పట్టుకుని.

"ఏంటండీ షమీమ్ గారూ, ఇంకా కళ్ళే పెట్టలేదేంటి? రేపే కదండీ కొలువు!"

"వాన జెర తగ్గనీయండ్రి మేడం... తగ్గంగనే షురూ చేస్తా."

"ఇది తగ్గే వాన కాదండీ. ఆ కళ్ళేవో లోపలే కూర్చుని పెట్టేద్దురూ!"

వెనక గదిలో దాదీ ఉంది. సాయంత్రం నమాజు వేళవుతోంది. లోపల కళ్ళు దిద్దితే ఇచ్చిన మాట పోతుంది, మాటతో పాటు రేపటి నుంచి పనే పోతుంది. దిద్దకపోతే ఈ ఆర్డరు పోతుంది. కుంచె పట్టుకుని వాన వైపు చూస్తూ కూర్చుంది అమ్మీ. ఆమెను అలా చూస్తే నాకు భయమేసింది.

అప్పుడు దాదీ బయటికొచ్చింది. నమాజు చదివే చాప జానమాజును మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టి చంకలో పెట్టుకుంది. మోకాళ్ళ నొప్పులతో వంటింట్లోకి రావాలన్నా గోడ పట్టుకునే మనిషి.

"ఏడికి అత్తమ్మా?"

"రహీమా ఇంటికి. నమాజ్ ఆడనే చదువుకుంట. నువ్వు ఇంట్లనే కూసొని పని చేస్కో."

"గీ వానల ఎట్ల పోతరు? వద్దు. నేను ఆగుతా."

"నేను ఇంట్ల నమాజ్ చదువుతున్ననని కదా నీ పరేషాన్? ఇయ్యాల ఈడ చదువకుంటే ఏంది మరి? నేనొచ్చేసరికి అన్నీ తీస్కపొమ్మని చెప్పు గా అమ్మకు. ఒక్కటి సుత ఉండొద్దు."

రహీమా బీ ఇల్లు సందు చివర. అన్నయ్య గొడుగు పట్టాడు. నీళ్ళలో చెప్పులు ఈడ్చుకుంటూ, కనబడిన ప్రతి గోడా పట్టుకుంటూ నడిచింది దాదీ. "పెద్దావిడ ఇంత వానలో ఎక్కడికండీ?" అన్నారు సుభద్ర గారు. "నమాజ్‌కు" అంది అమ్మీ. ఆ తర్వాత వంచిన తల ఎత్తలేదు. ముందు తెల్ల చుక్క, ఆరాక నల్ల చుక్క, చివర చీపురుపుల్ల మొనతో మెరుపు చుక్క... బొమ్మలు ఒక్కొక్కటిగా మమ్మల్ని చూడడం మొదలుపెట్టాయి.

బొమ్మలన్నీ సుభద్ర గారితో ఆటోలో వెళ్ళిపోయాయి. చీకటి పడ్డాక దాదీ వచ్చింది. అరలన్నీ కలియజూసి, చాయ్ అడిగింది. అమ్మీ చాయ్ ఇచ్చి, ఉప్పు మూట వెచ్చచేసి ఆమె మోకాళ్ళకు కాపడం పెట్టింది. దాదీ నమ్మకం ఆ రోజుతో ఏమీ మారలేదు. ఉన్నన్నాళ్ళూ అదే పట్టు, అమ్మీకి అదే పని.

ఇప్పుడు మౌలాలిలో ఫ్లాట్. దాదీ లేదు. అమ్మీకి సొంత గది ఉంది, ఎప్పుడు ఏ బొమ్మకి కళ్ళు దిద్దుకున్నా అడిగేవాళ్ళు లేరు. మా అందరికీ తలా ఒక గది, తలా ఒక తలుపు. నచ్చనిది వినబడితే తలుపేసుకుంటాం, అంతే.

తన పట్టు తను వదులుకోకుండానే మీకు దారి వదిలిన మనిషి మీ ఇంట్లో ఉన్నారా? ఉంటే రాయండి, చదవాలనుంది... మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ ఎవరితోనూ ఇబ్బంది లేదు. ఎవరి కోసమూ ఎవరూ లేచి వెళ్ళడమూ లేదు.