కొంగ మెడ వంచిన సాఫ్ట్‌వేర్

నేను విజయవాడలో ఒక ప్రెస్సుకి పెళ్లికార్డులు డిజైన్ చేసేదాన్ని. భవానీపురంలో మా పై వాటాలోకి ఒక ముస్లిం కుటుంబం అద్దెకు వచ్చింది. ఆ ఇంటి కోడలు పాప పుట్టాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, ఫోన్లో ఆడుకునే చిన్న గేమ్ ఒకటి సొంతంగా తయారు చేసుకుంటోంది. ఓ సాయంత్రం నా బొమ్మలు చూసి, "అక్కా, నా గేమ్‌లో కొంగ బొమ్మ మీరు వెయ్యండి. కోడ్ సంగతి నేను చూసుకుంటా" అంది.

వరిచేలో చేపలు పట్టే కొంగ అది. గీయడం కష్టం కాలేదు, కదిలించడమే తెలియలేదు. ఒక్క అడుగు వేయించడానికి బోలెడు బొమ్మలు గీసి విసిగిపోయాను. బొమ్మను ముక్కలుగా విడదీసి, లోపల ఎముకల్లాంటివి అమర్చి కదిలించే సాఫ్ట్‌వేర్లు ఉంటాయని తనే చెప్పింది. వీడియోల్లో అందరూ మెచ్చుకునేదాన్ని, కొన్నాళ్లు ఉచితంగా వాడుకోనిస్తే, ట్రయల్ వేసి చూశాను. మనసు దాని మీదే పడింది. ధర చూశాక మాత్రం సున్నాలు మళ్లీ లెక్కపెట్టుకున్నాను.

"అయినా కొనేద్దాం. మంచిది ఉంటేనే కదా పని బాగా వచ్చేది" అన్నాను బింకంగా.

తను కాదనలేదు. "కొనేముందు ఒకసారి కొంగల్ని చూసొద్దామక్కా. మన కొంగ ఏమేం చెయ్యాలో తెలిస్తే, ఏది సరిపోద్దో తెలుస్తది."

ఆదివారం పాపనెత్తుకుని మైలవరం బస్సెక్కాం. ఊరి బయట చేనిగట్టు మీద కూర్చున్నాం. నీళ్లలో నిలబడ్డ ఒక కొంగ చాలాసేపు కదలనే లేదు. తర్వాత మెల్లగా అడుగులేసింది, మెడ చాచి పొడిచింది, ఎగిరిపోయింది. "ఇంతేనా!" అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఈ మాత్రానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ చాలనుకున్నాం.

మొదట చాల్లేదు. మెడ వంచగానే ముక్కల మధ్య సందు తెరుచుకుని, తెగినట్టు కనిపించింది. ఖరీదైన దాంట్లో బొమ్మ రబ్బరులా వంగేది. ఇందులో ఆ సౌకర్యం లేదు. నాకు ఏడుపొచ్చింది.

"అడిగి చూడండక్కా, పోయేదేముంది?" అంటూ, ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు మాట్లాడుకునే ఫోరమ్‌లో తను నా చేత బొమ్మ పెట్టించింది.

మర్నాటికి, ఏ దేశంవారో తెలియదు, ఎవరో నా కొంగ మెడను మళ్లీ గీసి పంపారు. ముక్కల కొసలు గుండ్రంగా చేసి, ఒకదాని మీదికి ఒకటి కాస్త ఎక్కేలా పెట్టారు. మీ కొంగ బాగుంది, వదిలెయ్యకండి అని కింద రాశారు. ఆ మాట ఎన్నిసార్లు చదువుకున్నానో.

అలాగే గీసి చూస్తే మెడ అతుకు కనపడకుండా వంగింది. వాళ్లమ్మ పాత ఫోన్లో కొంగ చేపను అందుకోగానే, పాప తెర మీద చెయ్యేసి దాన్ని లాక్కోబోయింది.

గేమ్ ఆడినవాళ్లు తక్కువే. కానీ దాన్ని చూసి ఒక చిన్న కంపెనీ నాకు బొమ్మలు కదిలించే పని ఇచ్చింది. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కూడా వాళ్లే ఇచ్చారు. హాయిగా ఉంది, కాదనను. అయితే దాన్ని తెరిచినప్పుడల్లా, ఏమీ ఆశించకుండా నాకు పని నేర్పినవాళ్లే గుర్తొస్తారు.

మొన్న పై వాటాకి వెళ్లి ఆ మాటే చెప్పబోయాను.

"ఊరుకోండక్కా" అంది తను, టీ గ్లాసు చేతికిస్తూ. "కొత్త గేమ్‌లో గేదె ఉంది. దాని నడక సంగతి చూడండి ముందు."