మిషన్ తెర మీద సారయ్య పేరు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి బయటపడ్డవాణ్ణి, మా లెక్కల సారును మించిన దయ్యం నాకెక్కడా తగల్లేదు. ఎవరైనా దయ్యం కథ చెబితే, ఆ దయ్యమే సిగ్గుపడి పారిపోయేదాకా ఎగతాళి చేసేవాణ్ణి. ఇది మాత్రం నా చేతికే జరిగింది.

పరకాల రోడ్డు మీద ఒక ఇటుకల యూనిట్‌లో ఆరేళ్లు పనిచేశాను. కరెంటు ప్లాంటులో బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదతో అక్కడ ఇటుకలు చేస్తారు. నేనూ, నాతో పనిచేసే సారయ్యన్నా ఆ బూడిదను మిక్సర్‌లోకి ఎత్తిపోసేవాళ్లం. ముఖానికి తువ్వాల, చేతులకు ఏమీ లేదు. సాయంత్రానికి ఇద్దరం బైరాగుల్లా తేలేవాళ్లం.

"అన్నా, ఇగ కాశికి పోదామా?" అని రోజూ అడిగేవాణ్ణి.

"కాశికి పోయినోడు, కాటికి పోయినోడు ఒక్కటేరా. నువ్వు ముందు పో" అనేవాడు.

కొన్నాళ్లకు సారయ్యన్న అరచేతుల్లో జొన్నగింజల్లాంటి గట్టి పొక్కులు లేచాయి. ఛాతీ మీద చినుకులు పడ్డట్టు నల్లమచ్చలు. పాదాలు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. దవాఖానకు పొమ్మంటే, "ఫికర్ చెయ్యకురా ఓదెలు, పనోని చెయ్యి గట్లనే ఉంటది" అన్నాడు. పోయిన వానాకాలం చనిపోయాడు. గుండె ఆగిందన్నారు. ఎందుకు ఆగిందో ఎవరూ చూడలేదు.

అప్పటికే నా అరచేతుల్లోనూ గింజలు మొదలయ్యాయి. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. పిడికిలి మూసుకుని జోకులు వేస్తూ తిరిగాను.

మా హాజరు వేలిముద్ర మిషన్ మీద. బొటనవేలు పెడితే తెర మీద పేరు పడి, "థాంక్యూ" అంటుంది. సారయ్యన్న పోయిన నెలకు, ఒక సోమవారం పొద్దున వేలు పెట్టాను. థాంక్యూ అంది. తెర మీద "సారయ్య" అని పడింది.

వెనకే ఉన్న సూపర్‌వైజర్ చూశాడు. "ఏందిరా ఓదెలు, సచ్చినోనితోటి సుత మజాకేనా?" అని తిట్టాడు. నేనేమీ చేయలేదని ఒట్టేసినా ఎవరూ నమ్మలేదు. నా పేరు అంత గొప్పది మరి.

మంగళవారమూ అంతే. మిగతా అందరికీ ఎవరి పేరు వాళ్లకే వచ్చింది.

హనుమకొండ నుంచి మిషన్ బాగుచేసే అతన్ని పిలిపించారు. అతను నా ముందే జాబితా తెరిచాడు. అందులో సారయ్య లేడు. చనిపోయిన వారమే తీసేశారట. అయినా అందరి ముద్రలూ చెరిపేసి కొత్తగా తీసుకున్నాడు. నా వేలు మూడుసార్లు పట్టలేదు.

"అన్నా, నీ ఏలికి గీతలే లెవ్వు. ఏం రాస్కుంటానవ్?" అని నవ్వాడు. నాలుగోసారి పట్టింది.

బుధవారం పొద్దున అందరూ చుట్టూ మూగారు. వేలు పెట్టాను.

సారయ్య.

ఎవరూ నవ్వలేదు. నాకూ ఒక్క జోకు తట్టలేదు. సూపర్‌వైజర్ నా చేయి పట్టుకుని తిప్పి చూశాడు. గింజలు కనబడగానే చప్పున వదిలేశాడు. "దవాఖానకు పోరా" అన్నాడు, మెల్లగా.

పెద్ద దవాఖానలో డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించింది. ఒంట్లో ఆర్సెనిక్ చాలా ఎక్కువగా ఉందని తేలింది. బొగ్గు బూడిదలో అలాంటి విషాలుంటాయని, పీల్చినా, ఆ చేతులతో తిన్నా లోపలికి చేరతాయని చెప్పింది. ఆ రోజే పని మానేశాను.

నెల తర్వాత సారయ్యన్న భార్య సరోజన వదిన మా ఇంటికి వచ్చింది. "ఒక్కసారి ఆ మిషన్ల ఏలు పెట్టు ఓదెలూ. ఆయన పేరు నేను సుత చూస్త" అంది.

వెళ్లాం. నా పేరు ఇంకా తీయలేదన్నాడు సూపర్‌వైజర్. వదిన తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడింది. వేలు పెట్టాను. ఓదెలు అని పడింది. మళ్లీ పెట్టాను. ఓదెలు. ఐదుసార్లు పెట్టాను.

"ఇంట్ల ఉన్నప్పుడు సుత గంతే. నేను పిలిస్తే పలుకకపోతుండె" అంది వదిన. కొంగుతో ఆ తెర మీది బూడిద తుడిచింది.

నా చేతిలో గింజలు అప్పటికి తగ్గలేదు. వేలూ అదే, మిషనూ అదే. జాబితాలో లేని పేరు ఆ మూడు రోజులు ఎలా వచ్చిందో, వదిన చూడాలని వచ్చిన రోజు ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు.