ఉచ్చంగెమ్మ మోసుకుపోయిన కల్నారు

కన్నడ సీమలో కాలువ కింద స్థిరపడ్డ మా తెలుగువాళ్ళ క్యాంపులో నాట్లేసే ఆడవాళ్ళ ముఠాకు ఉచ్చంగెమ్మే పెద్ద. ఆమె నోరు మంచిదని ఎవరూ అనరు, నేనూ అనను. నా నోటికి జోడీ దొరికింది మాత్రం ఆమె ఒక్కతే. అందుకే మా మడికి ఆమెనే పిలుస్తాను.

ఆమె ఇంటికి సిమెంటు రేకుల కప్పు. ఇక్కడ అందరూ శీటు అంటారు. ఎండాకాలం దాని కింద కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. వానొస్తే పగుళ్ళలోంచి కారి ఇంట్లో గిన్నెలన్నీ నిండుతాయి. పోయినేడు కూతురు అంబిక మొదటి కాన్పుకు వస్తుందనగా ఉచ్చంగెమ్మకు దిగులు పట్టుకుంది. ఉయ్యాలను ఆమెలాంటి ఇక్కడి కన్నడవాళ్ళు తొట్టిల అంటారు. "తొట్టిల యాడ కట్టేది సరోజమ్మా? ఏ మూల కట్టినా బిడ్డ మింద నీళ్ళు కారతాయి" అని మడిలో వంగినప్పుడల్లా అదే మాట.

ఆ నాట్ల రోజుల్లోనే ఒక పొద్దున పంచాయితీ ఆటో మైకు పెట్టుకుని కాలువ గట్టు మీద పోయింది. అంతా కన్నడం. గాలికి మాకు అందింది కొంచెమే. కల్నారు ఉన్నవాళ్ళు పంచాయితీకి రావాలి, ఇవాళే కడపటి రోజు.

ఉచ్చంగెమ్మ నడుమెత్తింది. "నారుండేవాళ్ళకు గవర్నమెంటు ఏందో ఇస్తాదంట. నాకేముండాది? నారు నీది, మడి నీది."

"కల్నారు అంటే ఏం నారే?"

"కల్లంటే రాయి గదమ్మా. రాళ్ళ నేలలో పెంచిన నారేమో."

"మా నారుమడిలో ఒక్క రాయి చూపించు చూద్దాం" అన్నాను రోషం వచ్చి. అయినా వచ్చేదాన్ని వదులుకోవడం దేనికని, ఒక నారు కట్ట ఆమె నెత్తిన పెట్టి, నా పేరు చెప్పి రమ్మని పంపాను. బురద కాళ్ళతో ఆఫీసు మెట్లెక్కే మనిషిని కాను నేను.

తరువాతి సంగతి ఆమే వచ్చి చెప్పింది. వరసలో అందరూ చేతులూపుకుంటూ వచ్చినవాళ్ళే, కట్ట మోసుకొచ్చింది తనొక్కతే. వంతు రాగానే కట్టను తీసి బల్ల మీద పెట్టింది. బురద నీళ్ళు కారేసరికి పంచాయితీ అధికారి హులిగేశ్ ఎగిరి లేచాడట.

"ఏనమ్మా ఇదు?"

"కల్నారప్పా. రమ్మంటిరి గదా. మా సరోజమ్మది."

అతను నవ్వి నవ్వి మళ్ళీ కూలబడ్డాడు. "అజ్జీ, కల్నారంటే రాతినార, శీటులో కలిపేది. నీ మనె మింద శీటు ఉండాదా?"

"ఉండాది. శీటు కంటే తూట్లే జాస్తి."

"అట్లయితే పిలిచింది నిన్నే. ఆ శీటు పగిలి పొడి రాలితే ఊపిరితిత్తులకు చెడ్డది. మేమే దించి వేరే కప్పు వేస్తాం."

అలా నా పేరు చెప్పడానికి పోయిన మనిషి తన పేరు రాయించుకుని వచ్చింది. నా నారు కట్ట మాత్రం వాడిపోయి వచ్చింది.

వరి పాలు పోసుకునే వేళకు మనుషులు వచ్చారు. మూతులకు మాస్కులు, చేతులకు తొడుగులు. సుత్తి ముట్టలేదు. రేకులను నీళ్ళతో తడిపి, పగలకుండా దించి, ప్లాస్టిక్‌లో చుట్టారు. ఉచ్చంగెమ్మ ఒక ముక్క కోళ్ళ గూటికి అడిగింది.

"ఇవ్వకూడదజ్జీ" అన్నాడు హులిగేశ్.

"నాకు గాదప్పా, కోళ్ళకు."

"కోళ్ళకు ఊపిరి లేదా?"

ఉచ్చంగెమ్మ పోయి కోళ్ళను గంప కింద మూసింది. ఆమె ఒకరి మాట వినడం నేను చూడడం అదే మొదలు. ఆ సుఖం కోసమే అక్కడ ఇంకాసేపు నిలబడ్డాను.

మొన్న రెండో పంటకు నారు పీకే రోజుల్లో అంబిక బిడ్డకు తొట్టిల పండగ చేశారు. ఆ రోజే కాలం కాని ముసురు పట్టింది. నేను పోయేసరికి గుమ్మానికి మామిడాకులు లేవు, పచ్చటి నారు తోరణం కట్టి ఉంది. ఏ మడిదో నాకు తెలియదా?

"నన్నడిగావా?" అన్నాను.

"నీదే గదా అని అడగలా. ఈ కప్పు నారుతోనే గదమ్మా వచ్చింది" అని తొట్టిల తాడు నా చేతిలో పెట్టింది. "ముందు నువ్వే ఊపు. కల్నారంటే తెలీక నన్ను తోలింది నువ్వే గదా."

"తెలియక కాదు, నీకు తెలుసో లేదో చూద్దామని తోలాను" అన్నాను.

ఆ ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు. పక్కున నవ్వారు. నేను తొట్టిల ఊపాను. పైన కొత్త కప్పు మీద వాన దరువేస్తూనే ఉంది. బిడ్డ మీద ఒక్క చుక్క పడలేదు.