తిరిగే మబ్బు వెనక మామతో

ఉట్నూర్ బడిలో పంతులుగా పనిచేసే రోజుల్లో నా దగ్గర ఒక డబ్బా కెమెరా ఉండేది. దానితో మబ్బుల ఫోటోలు తీసేవాణ్ణి. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీయమని పిలిచేవాళ్ళు ఆ సంగతి తెలిశాక పిలవడం మానేశారు.

ఒక వైశాఖంలో మా మామ, అంటే నా భార్య తండ్రి, కరీంనగర్ పక్క పల్లె నుంచి వచ్చి ఉన్నాడు. మధ్యాహ్నం అన్నం తింటుంటే పడమటి గుట్టల మీద మబ్బు లేచింది. చెయ్యి కడుక్కుని కెమెరా అందుకున్నాను.

"బాపూ, నువ్వన్న ఎంట పో. ఈయనకు మబ్బు గనవడితె ఇల్లు యాదికుండది," అంది నా భార్య.

మామ గొడుగు పట్టుకుని వెంట వచ్చాడు. ఊరి బయట రోడ్డు మీద ఆగాం. మబ్బు అడుగు నల్లగా కిందికి జారి, మొత్తానికి మొత్తం మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. అలాంటిది అంతకుముందెప్పుడూ చూడలేదు.

"ఇసుర్రాయి లెక్క తిరుగుతున్నది గదా అల్లుడా," అన్నాడు మామ. తర్వాత కెమెరా పైనున్న చిన్న అద్దంలోకి తొంగిచూశాడు. "గిండ్ల ఉల్టా తిరుగుతున్నది. ఖరాబైనట్టున్నది."

అద్దంలో కుడి ఎడమలు మారతాయని చెప్పాను. ఆయన మబ్బును ఒకసారి, అద్దాన్ని ఒకసారి చూసి, ఏది నమ్మాలో తేలక గొడుగు విప్పాడు. గాలి దాన్ని వెంటనే పట్టుకుపోయింది.

నేను మీట నొక్కుతూ, ఫిల్ము తిప్పుతూ ఉండగానే రాళ్ళవాన మొదలైంది. ఇద్దరం రోడ్డు కింది తూములోకి దూరి ముడుచుకుని కూర్చున్నాం.

"జర ఒక మాట చెప్పు. గీ ఫోటువ దేనికి పనికొస్తది?" అన్నాడు మామ.

"దేనికీ పనికి రాదు మామా."

"గట్లనా," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి కప్పు మీద సగం పెంకులు లేవు. నా భార్య మంచం కింద నుంచి బయటికి వచ్చింది. ఆమెకు దెబ్బలేమీ తగల్లేదని చూశాకే కెమెరా కింద పెట్టాను.

"దొరికిందా మబ్బు?" అని అడిగింది.

"దొరికింది బిడ్డా, గొడుగే పోయింది," అన్నాడు మామ.

మంచిర్యాలలో ఫిల్ము కడిగిస్తే ఒక్క ఫోటో సరిగ్గా వచ్చింది. మామ దాన్ని తన ఊరికి తీసుకుపోయి ఇంటింటికీ చూపించాడు. అందరూ "గిండ్ల మనిషేడి?" అని అడిగారట.

మరుసటి ఎండాకాలం ఆయన తలకు కొత్త రుమాలు చుట్టుకుని దిగాడు.

"ఈసారి నేను ముంగట నిలవడ్త అల్లుడా. మబ్బు ఎనుకకు రావాలె."

ఆయన ఉన్నన్నాళ్ళూ ఆకాశంలో ఒక్క మబ్బు కూడా లేదు. బస్సెక్కే ముందు ఆయన్ను ఎండలోనే నిలబెట్టి ఫోటో తీశాను. ఆ వెలుగుకు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఫోటో కడిగించి ఇస్తే బాగొచ్చిందనే అన్నాడు.