అక్క మెషిన్, బావ చెయ్యి

మా బావ మంచివాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు సగం పని తప్పుతుంది. మనుషుల గురించి రాసేవాళ్ళు మొదట మంచివాడని రాసి, ఆ మాట నిలబెట్టడానికి చివరిదాకా తంటాలు పడుతుంటారు. నాకా బాధ లేదు. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణీ కాదు. తొమ్మిదో తరగతిలో చదువే నన్ను చూసి హడలిపోయి బడి మానేసింది.

వీధిలో బావని ఆకురాయి అంటారు. ఇనుమును అరగదీసే ఆకురాయి ఆయన చేతిలో కంటే నోట్లో ఎక్కువసేపు ఉంటుంది. ఒకసారి ఆయన తిడుతుంటే కొట్టు షట్టరు మీది రంగు పెచ్చులు పెచ్చులుగా రాలడం కళ్ళారా చూశాను. నమ్మనివాళ్ళు వచ్చి చూసుకోవచ్చు, షట్టరుకి ఇప్పటికీ రంగు లేదు.

ఆయన పని కారు ఇంజన్లకు ఊపిరి పెంచడం. ఇంజన్ నెత్తిమీద మూతలా కూర్చునే లోహపు దిమ్మని హెడ్డు అంటారు. అందులో గాలి లోపలికి వచ్చే దారులు, పొగ బయటికి పోయే దారులు ఉంటాయి. వాటిని మేం పోర్టులంటాం. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అవి గరుగ్గా, వంకరటింకరగా ఉంటాయి. సన్నని చేతి గ్రైండరు లోపలికి పోనిచ్చి, వేలితో తడుముకుంటూ వాటిని సరిచేస్తే ఇంజన్ ఎక్కువ గాలి పీలుస్తుంది, కారు ఎగిరి దూకుతుంది. పందెం కార్లవాళ్ళకు అదే ప్రాణం. కొలత పెట్టుకుని చెయ్యొచ్చు కదా అని ఎవరైనా అంటే బావ తన చూపుడువేలు చూపించేవాడు. ఆ చూపించడంలో మర్యాద ఏమాత్రం ఉండేది కాదు.

కొట్టు మా నాన్నది, ఆయన తర్వాత మా అక్కది. బావ పనికని వచ్చి అల్లుడై వెనక గదిలో కిటికీ దగ్గర పనిబల్ల బిగించుకుని పాతుకుపోయాడు. "గ్రైండరు పట్టుకుని లోపలికొచ్చిన మనిషి, తాళి కట్టాక కూడా దాన్ని కింద పెట్టలేదు" అనేది అక్క. వాళ్ళిద్దరూ పోట్లాడుకోని రోజు గురించి మా వీధిలో పాతవాళ్ళు కథలుగా చెప్పుకుంటారు. అలాంటి రోజు ఉందని నేను మాత్రం నమ్మను.

అలా ఉండగా అక్క మెషిన్ కొన్నది. అది ముందు గదిలో సగం మింగేసింది. దాని పద్ధతి ఏమిటంటే, ముందు సన్నని సూది ఒకటి బాగా కుదిరిన పోర్టు లోపలికి దూరి గోడలన్నీ తడిమి గుర్తు పెట్టుకుంటుంది. ఆ తర్వాత కావలసినన్ని హెడ్డుల్లో, కావలసినన్ని పోర్టులు అచ్చం అలాగే తొలిచి ఇస్తుంది. దాన్ని నడపడం అక్క చీర మడత పెట్టినంత సులువుగా నేర్చేసుకుంది. బావ దానికి పేరు పెట్టాడు.

"ఏరా బావమరిదీ, మీ అక్క రెండో మొగుడు లేచాడా?" అని రోజూ పొద్దున్నే నన్ను అడిగేవాడు.

"లేచాడు. మొదటివాడిలా సణగడం లేదు" అని అక్క ముందు గదిలోంచే జవాబిచ్చేది.

గొడవకి ఒక తీర్పు కావలసి వచ్చింది. అది బ్రేకులమ్మ రూపంలో వచ్చింది. ఆవిడ కొండదారి పందేల్లో కార్లు తోలుతుంది. మలుపుల్లో కూడా బ్రేకు మీద కాలు వెయ్యదని ఆ పేరు. కారు కొన్నప్పుడు బ్రేకు షూలు ఎలా ఉన్నాయో, ఆవిడ దాన్ని అమ్మినప్పుడూ అలాగే ఉన్నాయట. చేతిలో మూడు కార్లున్నాయి, ఈసారి పందేలకు వాటి ఇంజన్లన్నీ ఒకే కొట్టుకి ఇస్తానంది.

"మొదటి కారుకి చెరో హెడ్డు చెయ్యండి" అంది. "చేతిదా, మెషిన్‌దా అన్నది చూసి తేల్చుకుంటాను. మీ మొగుడూ పెళ్ళాల సంగతి నాకక్కర్లేదు."

ఆవిడ అలా వెళ్ళగానే అక్క బావ గది గుమ్మంలో నిలబడింది.

"ఆవిడ నాది తీసుకుంటే మీ బల్ల వీధిలోకి పోతుంది. ఈ గదిలో రెండో మెషిన్ వస్తుంది. చెప్పేశాను."

"నాది తీసుకుంటే?"

"ఉన్న మెషిన్ తిరిగి వెళ్ళిపోతుంది."

"దాంతోపాటు నువ్వూ వెళతావా?"

"నేనెక్కడికి పోతాను? కొట్టు నాది. పోవాల్సింది ఎవరో వీధిలో ఎవర్నడిగినా చెబుతారు."

బావ గ్రైండరు మొదలుపెట్టాడు. ఆ బల్లా, ఆ కిటికీ వెలుతురూ లేకుండా ఆయన బతకడం నేను ఊహించలేను. ఊహించి సంతోషించినవాళ్ళు వీధిలో చాలామంది ఉన్నారు.

రెండు హెడ్డులూ తయారయ్యాక బ్రేకులమ్మ వచ్చింది. పరీక్షకు నా గాలిపెట్టె ఉంది. ఇల్లు ఊడ్చే మెషిన్ల మోటార్లు చెక్కపెట్టెలో బిగించి నేనే చేశాను. హెడ్డుని దాని మీద పెట్టి మోటార్లు తిప్పితే పోర్టులోంచి గాలి లాగుతుంది. ఎంత లాగితే గాజు గొట్టంలో రంగునీళ్ళు అంత పైకి లేస్తాయి. ఒకసారి అది ఎదురింటి తీగ మీద ఆరేసిన తువ్వాలుని వీధి దాటించి లాక్కుంది. ఆ ఇంటావిడ ఇప్పటికీ నన్ను దొంగ అనే అంటుంది, సైన్సు తెలియని మనిషి.

అక్క హెడ్డు పెట్టాం. మొదటి పోర్టుకి నీళ్ళు ఎక్కడిదాకా లేచాయో మిగతా మూడింటికీ అక్కడికే లేచాయి, గీత గీసినట్టు. తర్వాత బావది. మొదటి పోర్టుకి నీళ్ళు కాస్త బద్ధకించాయి. రెండోదానికి కాస్త లేచాయి, మూడోదానికి ఇంకాస్త. నాలుగోదానికి మెషిన్ గీతని దాటిపోయాయి. బావ పద్ధతి ఎప్పుడూ అంతే. ఏ ఇంజనైనా మొదటి పోర్టు దగ్గర దానితో పోట్లాడతాడు, నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి దాని గుట్టు దొరుకుతుంది. ఒకసారి తీసేసిన లోహాన్ని మళ్ళీ అతికించలేం గనక, మొదటి మూడూ ఆ పోట్లాట గుర్తులతోనే మిగిలిపోతాయి.

"చూశారా నాలుగోది?" అన్నాడు బావ.

"మొదటిది కూడా చూశాను" అంది బ్రేకులమ్మ. "నా ఇంజన్ నాలుగు ముక్కులతో పీలుస్తుందయ్యా. మూడు ముక్కులు జలుబు చేసి, ఒక్కటి తెరుచుకుంటే నేనేం చేసుకోను? నాకు అమ్మాయిది చాలు."

అక్క గుమ్మం వైపు చూసి బల్ల వెడల్పుని కళ్ళతో కొలిచింది. బావకి అది చూసి ఒళ్ళు మండింది.

"ఆ పోర్టు ఎవరి దగ్గర నేర్చుకున్నాడు నీ రెండో మొగుడు?"

"మీ దగ్గరే. ఆ మధ్య ఇదే రకం ఇంజన్ ఉన్న ఓ తెల్ల కారుకి హెడ్డు చేశారుగా, దాని నాలుగో పోర్టు. మీరు చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు సూది పెట్టి తీసుకున్నాను."

"దొంగతనం చేశావన్నమాట."

"నా కొట్టులో నేను దొంగనెలా అవుతాను? మీలో మంచిది వెతికి తీసుకున్నాను. వెతకడానికి ఎంత కష్టపడ్డానో నాకు తెలుసు."

బావ మెషిన్ చేసిన హెడ్డుని దగ్గరికి లాక్కుని, మొదటి పోర్టులో వేలు పెట్టాడు. లోపల గాలి కిందికి తిరిగే మలుపు దగ్గర వేలు ఆగింది. రెండోదాంట్లో పెట్టాడు, అక్కడే ఆగింది. మూడోదీ, నాలుగోదీ. అప్పుడు నవ్వాడు. ఆయన నవ్వితే వీధి కుక్కలు తోక ముడుచుకుంటాయి, నిజం.

"ఇలా రా. వేలు పెట్టి చూడు. మలుపు అంచున చిన్న గాడి తగులుతోందా?"

"తగులుతోంది. అయితే?"

"అది నీ కేక."

"ఏమిటీ?"

"ఆ తెల్ల కారు పోర్టు చేస్తుంటే ముందు గదిలోంచి 'తినడానికొస్తారా, కుక్కకి పెట్టెయ్యమంటారా' అని అరిచావు. చెయ్యి అదిరి గ్రైండరు జారింది. అక్కడ పడిన గాడి అది. నీ మెషిన్ దాన్ని కూడా ఎంత శ్రద్ధగా చెక్కిందో చూడు. నేను జారింది ఒక్కసారి. అది నాలుగుసార్లు జారింది, ఎవరూ అరవకుండానే."

బ్రేకులమ్మ కూడా వేలు పెట్టి చూసింది. నేనూ చూశాను. గాడి ఉంది. మా అక్క గొంతు అంత చిన్న గాడిలో ఎలా పట్టిందా అని ఆశ్చర్యపోయాను గానీ పైకి అనలేదు.

అక్క ముఖం ఎర్రబడింది. కానీ ఆవిడ మా నాన్న కూతురు.

"మీరు చేసిన తప్పుని కూడా అది మీకంటే శుభ్రంగా చేసింది" అంది. "గాడితో కూడా అది మీ మూడు పోర్టుల్ని ఓడించింది. గుర్తుందా?"

బావ గ్రైండరు అందుకుని ఆ హెడ్డు మొదటి పోర్టులోకి దించాడు. "అమ్మిన సరుకు పాడు చేస్తున్నారు" అని అక్క అరిచింది. ఈసారి చెయ్యి అదరలేదు. మలుపుని కొంచెం దించి, గాడిని అందులో కలిపేసి, నోటితో దుమ్ము ఊది హెడ్డుని నావైపు తోశాడు. గాలిపెట్టె మీద పెట్టాను. నీళ్ళు మెషిన్ గీత దాటాయి, బావ నాలుగో పోర్టు గీత కూడా దాటాయి. గొట్టం కాస్త పొట్టిదైతే పైకప్పు తడిసేది.

"మిగతా మూడూ ఇలాగే చేసెయ్యండి" అంది బ్రేకులమ్మ.

"ఓడిపోయినవాడితో మీకేం పనమ్మా? మెషిన్‌నే అడగండి" అని బావ గ్రైండరు తీగ చుట్టేశాడు. "ఏరా, నువ్వు ఆ కొస పట్టు. మీ అక్క మాట ప్రకారం బల్ల వీధిలోకి పోవాలి."

ఇప్పుడు ఆ హెడ్డుకి ఒక ముక్కు బాగా తెరుచుకుని, మూడు ముక్కులు మామూలుగా ఉన్నాయి. అలాంటిది బ్రేకులమ్మ ముట్టుకోదు. అది కసితో చేశాడా, ఆ గాడిని భరించలేక చేశాడా అని నన్ను చాలామంది అడిగారు. బావని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అక్క మాత్రం ఆలోచించడానికి ఆగలేదు. హెడ్డుని మెషిన్ మీద బిగించి, ఆ ఒక్క పోర్టులోకి సూదిని దించింది.

మేం బల్లని లాగుతున్నాం. ఆ గదిలోనే కోసి, అక్కడే బిగించిన బల్ల అది. ఇనుప కాళ్ళు, మందపాటి చెక్క. దాన్ని కదపాలంటే భూకంపాన్ని అద్దెకి తెచ్చుకోవాలి, అది దొరక్క నన్ను పెట్టుకున్నారు. గుమ్మం దాకా లాగాం. గుమ్మంలో సగం అటు, సగం ఇటు అయ్యాక అది ఆగిపోయింది. తోస్తే ముందుకి రాదు, లాగితే వెనక్కి పోదు. బావ లోపల ఉండిపోయాడు, బల్ల మీదుగా ఆయనకి ముందు గది మొత్తం కనిపిస్తోంది.

"అలా గబగబా కాదు. మలుపు దగ్గర సూదిని నెమ్మదిగా పోనివ్వు" అన్నాడు. "పులుసులో గరిటె తిప్పుతున్నాననుకున్నావా?"

"మీరు మాట్లాడకండి. బల్ల తియ్యండి."

"తీస్తాను. ముందు ఆ సూది సరిగ్గా పెట్టు. నా పేరు చెడగొడతావు."

"మీకు పేరెక్కడిది చెడగొట్టడానికి?" అంటూనే అక్క సూదిని వెనక్కి తీసి, మలుపు దగ్గర నెమ్మదిగా పోనిచ్చింది.

మిగతా మూడు పోర్టులూ మెషిన్ తొలిచింది. నాలుగింటికీ నీళ్ళు ఒకే ఎత్తుకి లేచాయి. బ్రేకులమ్మ హెడ్డు తీసుకుపోయింది. ఆ కొండ మీద ఆవిడ ఎంత వేగంగా పోయిందంటే, తన కారు దుమ్మునే తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగా చూసిందట. ఆ వెంటనే రెండో కారు హెడ్డు పట్టుకొచ్చింది. అది వేరే రకం ఇంజన్. అక్క దగ్గర దానికి సరిపడే అచ్చు లేదు. కాసేపు మెషిన్ చుట్టూ తిరిగి, హెడ్డుని తెచ్చి గుమ్మంలో ఇరుక్కున్న బల్ల మీద ధబ్బున పడేసింది.

"ఒక్క పోర్టు."

"చేస్తే నాలుగూ చేస్తాను."

"మూడు పాడు చేస్తారు. ఇంకో పాత హెడ్డు ఇస్తాను, మీ పోట్లాటలన్నీ దాని మీద పెట్టుకోండి. దీంట్లో మాత్రం ఒక్కటే."

"చేసేటప్పుడు నోరు మూసుకుంటావా?"

"అది మాత్రం మాట ఇవ్వలేను."

బావ కిటికీ వైపు చూశాడు. బల్ల ఇప్పుడు కిటికీ దగ్గర లేదు. వెలుతురు సరిపోవడం లేదని, అది కూడా అక్క చేసిన పనేనని ఒక గంట తిట్టాడు. అక్క దీపం తెచ్చి బల్ల మీద బిగించింది, బిగిస్తున్నంతసేపూ తిట్టింది. అప్పుడు గ్రైండరు మోగింది.

రెండో మెషిన్ వచ్చింది గానీ లోపలికి పోయే దారి లేక వరండాలో కొన్నాళ్ళు పట్టా కప్పుకుని నిలబడి, వచ్చిన బండిలోనే తిరిగి వెళ్ళింది. బల్ల కాళ్ళు కోయించమని అక్క అంటుంది. గుమ్మం పగలగొట్టించమని బావ అంటాడు. ఎవరూ ముందుగా మనిషిని పిలవరు, పిలిస్తే ఓడినట్టు. మేమంతా బల్ల కింద నుంచి పాక్కుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాం. బ్రేకులమ్మ కూడా పాకుతుంది, అదీ బ్రేకు వెయ్యకుండానే.

ఆ బల్లని పక్కకి పడుకోబెట్టి, కాళ్ళు ముందుగా పోనిస్తే నల్లేరు మీద బండిలా బయటికి వచ్చేస్తుంది. లాగిన రోజునే నాకు తెలుసు. కానీ చదువుకోనివాణ్ణి, నన్నెవరడిగారు?