మొగిలి ఘాటు ఎక్కని కారు

మా పాత కారు చదును రోడ్డు మీద ఒక్కనాడూ మొరాయించలేదు. చిత్తూరులో బయలుదేరితే బంగారుపాళెం దాటేదాకా బాగానే పోయేది. మొగిలి ఘాటు ఎక్కేటప్పుడే దగ్గినట్టు కుదిపి ఆగిపోయేది. కాసేపు ఊరుకుంటే మళ్ళీ స్టార్టయ్యేది.

మా అబ్బాయి ఆ కారులో రోజూ ఇద్దరు టీచరమ్మలను పలమనేరు బడికి తీసుకుపోయి తెచ్చేవాడు. మా ఇల్లు ఆ బాడుగ మీదే నడిచేది. కారు ఆగినప్పుడల్లా వాళ్ళు హెడ్మాస్టరు చేత మాటలు పడ్డారు. ఇంకొకసారి ఆగితే వేరే బండి చూసుకుంటామని పెద్ద టీచరమ్మ చెప్పేసింది. ఆమెను తప్పు పట్టను. ఆమె చోట నేనుంటే ఆ మాట ఇంకా ముందే అనేదాన్ని.

మెకానిక్కు మొదట పెట్రోలు పంపు మార్చాడు. ఆగింది. ఫిల్టరు మార్చాడు. ఆగింది. కార్బురేటరు విప్పి, సన్న బెజ్జాలన్నీ గాలి కొట్టి శుభ్రం చేశాడు. అప్పుడూ ఆగింది. తీసేసిన సామానంతా నేను అడిగి సంచిలో వేసుకున్నాను. పాత పంపుతో ఇంట్లో నీళ్ళు తోడుకుంటావా అని అతను నవ్వాడు. బాగున్నదాన్ని పీకేసి ఉంటే నాకెట్లా తెలుస్తుంది అన్నాను. నవ్వడం మానేశాడు.

ఎత్తు ఎక్కేటప్పుడే ఆగుతోందంటే ట్యాంకు అడుగున ఏదో ఉండాలని చివరికి అతనికి తోచింది. ట్యాంకు కింది బోల్టు వదులు చేసి గాజు సీసాలో పట్టి, సీసాను అరుగు మీద పెట్టి టీకి పోయాడు. తిరిగి వచ్చేసరికి పైన పెట్రోలు, కింద నీళ్ళు గీత గీసినట్టు విడిపోయి ఉన్నాయి. ఆ నీళ్ళలో తుప్పు తేలుతోంది.

"ఎవురప్పా దీంట్లో నీళ్ళు పోసింది?" అన్నాడు.

మా ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. "నీళ్ళు యాడివప్పా? అది కాణిపాకం తీర్థం," అన్నాడు.

శుక్రవారం శుక్రవారం ఆయన కారుకు బొట్లు పెట్టి కర్పూరం వెలిగించేవాడు. నేను వంటింట్లోంచి అంతవరకే చూసేదాన్ని. ఆ తర్వాత పెట్రోలు మూత తీసి ఒక ఉద్ధరిణెడు తీర్థం లోపలికి వదిలేవాడట. ఏళ్ళ తరబడి. ఇంజనుకు పైపైన బొట్టు పెడితే చాలదని, కడుపులోకి పోతేనే కాపాడుతుందని ఆయన నమ్మకం.

"మనం తాగినట్టే అదీ తాగల్లని పోసినావా నాయనా?" అన్నాడు మా వాడు.

"మీరు తాగితే ఏమన్నా అయిందా?"

కొడుకు ఆ ఘాటులో క్షేమంగా ఎక్కి దిగాలనే కదా పోసింది.

ట్యాంకు దింపి చూస్తే లోపల తుప్పు పొలుసులుగా లేస్తోంది. మెకానిక్కు గులకరాళ్ళు వేసి కుదిపి, కడిగి, ఎండలో ఆరబెట్టాడు. ఆ రకం ట్యాంకు ఇప్పుడు తయారు కావడం లేదు. తిరుపతిలో పాత సామాను కొట్లన్నీ మా వాడు తిరిగాడు. దొరికినవి మాదానికంటే అధ్వాన్నం. ఆ పాతదాన్నే తిరిగి బిగిస్తూ, తుప్పు మళ్ళీ లేస్తే తన చేతిలో ఏమీ లేదని మెకానిక్కు ముందే చెప్పాడు.

మరునాడు నా కళ్ళతో చూడాలని ముందు సీటులో నేనూ కూర్చున్నాను. టీచరమ్మలిద్దరూ వెనక కూర్చున్నారు. ఘాటులో మళ్ళీ కుదిపింది. రోడ్డు ఓరకు తీసి ఆపేలోపే ఇంజను ఆగిపోయింది. మా వాడు బానెట్టు ఎత్తి, పెట్రోలు పైపు పీకి, నోటితో పీల్చి, ఎర్రటి తుప్పు ఉమ్మాడు.

పలమనేరు బస్సు వచ్చింది. పెద్ద టీచరమ్మ చెయ్యెత్తింది. ఎక్కే ముందు వాడితో, "రేపట్నించి రావద్దులే నాయనా," అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బతిమాలుకునేవాళ్ళం.

బస్సు మలుపు తిరిగింది.

"నాయనకు ఏం చెప్పేది మా?" అన్నాడు వాడు.

"బాడుగ పోయిందని చెప్పు. ఎందుకు పోయిందో చెప్పొద్దు."

"ఆయనకు తెలీదా?"

తెలుసు. అందుకే ఆ పొద్దున మేము బయలుదేరేటప్పుడు ఆయన గడప దాటి రాలేదు.